కాలు ఖాళీ చేసి ఎత్తాలి

దాదాపు ఏడాది పాటు మా ఇంట్లో నన్ను ఎవరో ఒకరు పట్టుకునే ఉండేవారు. మంచం దిగితే కోడలు, మెట్లు దిగితే మా అబ్బాయి, గుడికి పోతే పనమ్మాయి. భుజం కింద గట్టిగా పట్టుకుని, కాస్త పైకి లాగుతున్నట్టుగా నడిపించేవాళ్లు. పట్టుకున్నంతసేపూ ధైర్యంగా ఉండేది. వదిలారో, రెండు కాళ్లూ ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు ఉండేవి. తై చీ అనే చైనా వాళ్ల మెల్లని వ్యాయామం నేర్చుకుని మళ్లీ నా కాళ్ల మీద నేను నిలబడిన సంగతి ఇది.

నాకిప్పుడు 71 ఏళ్లు. మాది నెల్లూరు దగ్గర పల్లె. పెళ్లయి మద్రాసు వచ్చి 48 ఏళ్లు, అందులో ముప్పై మైలాపూరులోనే, లజ్ దగ్గర. షుగరు వచ్చి ఇరవై ఏళ్లు. మోకాళ్లు అరిగాయని ఎక్స్‌రే చూసి చెప్పి పదేళ్లు దాటింది. ఇవి రెండూ చాలామందికి ఉన్నవే కాబట్టి నేనేమీ పెద్దగా పట్టించుకోలేదు. ఒకరోజు మాడవీధిలో పూలకొట్టు ఆవిడ వెనకనుంచి "అమ్మా, సెరుప్పు!" అని అరిచింది. తిరిగి చూస్తే నా ఎడమ చెప్పు పది అడుగుల వెనక పడి ఉంది. ఒట్టికాలితో నడుస్తున్నానని నాకు తెలియనే లేదు. ఇంటికొచ్చి దాన్ని జోకుగా చెప్పాను. అప్పుడే డాక్టరు దగ్గరికి పోయి ఉండాల్సింది.

ఆ తర్వాత నాలుగు నెలలకు పడ్డాను. గేటు దగ్గర పాల ప్యాకెట్లు తీసుకుంటుంటే పక్కింటావిడ పిలిచింది. వెనక్కి తిరిగాను. ఒళ్లు తిరిగింది, కాలు తిరగలేదు. చెయ్యి నేలకు ఆనించడంతో మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు పిండికట్టు.

కట్టు విప్పాక చెయ్యి బాగైంది, నడకే పాడైంది. కాళ్లు ఎడంగా పెట్టుకుని, చిన్న చిన్న అడుగులతో, నేలచూపులు చూస్తూ నడవడం అలవాటైంది. వంటింట్లోంచి హాల్లోకి రావాలంటే ముందు ఫ్రిజ్, తర్వాత డైనింగ్ టేబులు, ఆ తర్వాత సోఫా వీపు, ఇలా ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ వచ్చేదాన్ని. స్నానాల గది గడియ పెట్టుకోవడం మానేశాను. కపాలీశ్వరుడి గుడికి వెళ్లడం నెలకొకసారికి తగ్గి, ఆ తర్వాత అదీ పోయింది. ఎవరైనా అడిగితే "ఎండగా ఉంది" అనేదాన్ని. మద్రాసులో ఆ సాకు ఏడాది పొడుగునా పనికొస్తుంది.

కోడలు బలవంతం మీద చివరికి ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన మోకాళ్లు చూస్తాడనుకుంటే ముందు బీపీ చూశాడు. పడుకోబెట్టి ఒకసారి, నిలబడగానే ఒకసారి, ఇంకాసేపాగి మరోసారి. నిలబడగానే పై అంకె ఇరవైకి పైగా పడిపోతోంది. "పొద్దున లేవగానే కళ్లు తిరిగినట్టుంటుందా?" అని అడిగాడు. ఉంటుంది, కానీ అది వయసనుకున్నాను. బీపీ మాత్రల మోతాదు మార్చాడు. లేవగానే నడవొద్దు, మంచం అంచున ఒక నిమిషం కూర్చొని లేవమన్నాడు. ఇక్కడ ఈ మాత్రల గోల ఎందుకంటారేమో. అది సరిచేసుకోకుండా తై చీ నేర్చుకున్నా, తాండవం నేర్చుకున్నా ఒకటే.

తర్వాత ఫిజియోథెరపీ. మా మనవరాలి ఈడు పిల్ల. నేల మీద మూడు మీటర్ల దూరంలో టేపు ముక్క అంటించింది. కుర్చీలోంచి లేచి, అక్కడిదాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు పట్టినా, అంతకు మించినా పడే ప్రమాదం ఉన్నట్టు లెక్కట. నాకు 18 దాటింది. అందులో చాలా భాగం టేపు దగ్గర తిరగడానికే పోయింది. తర్వాత ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనించి, పది సెకన్లు కదలకుండా నిలబడమంది. నాలుగు అనేసరికే గోడ పట్టుకున్నాను.

పాదం కింద సన్నని నైలాన్ దారంతో పొడిచి, తగిలిందా అని అడిగింది. కొన్నిచోట్ల తగిలింది, కొన్నిచోట్ల లేదు. ఆ తర్వాత చేసిన పరీక్షతో మాత్రం నాకు భయం వేసింది. నన్ను కళ్లు మూసుకోమని, బొటనవేలు పట్టుకుని కొద్దిగా కదిపి, పైకా కిందికా చెప్పమంది. నేను "పైకి" అన్నాను. మా కోడలి ముఖం చూస్తే అర్థమైంది, కిందికని. నా వేలు ఎటు ఉందో కళ్లతో చూస్తే తప్ప నాకే తెలియడం లేదు.

ఆ పిల్ల చెప్పిన వివరణ ఇది. ఒళ్లు నిలబడడానికి మూడుచోట్ల నుంచి కబుర్లు రావాలి. కళ్ల నుంచి, చెవి లోపలి భాగం నుంచి, పాదాలు, కీళ్ల నుంచి. నాకు ఈ మూడోది షుగరు వల్ల సగం తెగిపోయింది. పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు. కానీ మిగిలినదాన్ని వాడుకోవడం ఒంటికి నేర్పొచ్చు, తొడల బలం పెంచొచ్చు. ముందు ఆరు వారాలు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం లాంటివి చేయించింది. అప్పుడు అడిగింది, "అమ్మా, తై చీ చేస్తారా?" అని.

నాకు నవ్వొచ్చింది. టీవీలో చూసిందే నాకు తెలుసు. చైనా ముసలాళ్లు పార్కులో గాలిని నిమురుతూ ఉంటారు. దానికీ పడకపోవడానికీ ఏం సంబంధం?

ఆ పిల్ల ఊరుకోలేదు. 2018లో అమెరికాలోని ఆరిగన్‌లో చేసిన ఒక పరిశోధన గురించి చెప్పింది. ఇంటికొచ్చాక మా అబ్బాయి దాన్ని వెతికి చదివి వినిపించాడు. డెబ్బై దాటిన 670 మంది. అందరూ అంతకు ముందు ఏడాదిలో పడ్డవాళ్లో, నాలాగా నడక సరిగా లేనివాళ్లో. వాళ్లను మూడు జట్లు చేసి ఒక జట్టుకు తై చీ, ఒక జట్టుకు రకరకాల వ్యాయామాల కలగలుపు, ఇంకో జట్టుకు ఊరికే ఒళ్లు సాగదీయడం నేర్పారు. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు. సాగదీసిన జట్టు కంటే తై చీ జట్టు పడడం 58 శాతం తక్కువ. కలగలుపు వ్యాయామం వాళ్లతో పోల్చినా 31 శాతం తక్కువ. బ్యాంకులో పనిచేసి రిటైరైనదాన్ని కదా, అంకెలు చెబితే కాస్త మెత్తబడతాను.

ముందు ఇంట్లోనే వీడియో చూసి చేద్దామనుకున్నాం. మనవడు టీవీలో పెట్టాడు. అందులో ఆయన కుడిచెయ్యి ఎత్తితే నేను ఎత్తాల్సింది కుడా ఎడమా తేలేసరికి ఆయన మూడు భంగిమలు దాటిపోయేవాడు. రెండు రోజుల్లో కట్టిపెట్టాను. నాలాంటివాళ్లకు మొదటి పాఠాలు వీడియోలో వద్దనే చెబుతాను. పక్కన చూసి తప్పు పట్టే మనిషి ఉండాలి.

ఆ మనిషి నాగేశ్వరరావు పార్కులో దొరికాడు. అమృతాంజనం 1893లో మొదలుపెట్టి, తర్వాత ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఉన్న పార్కు అది. ఆయన డబ్బాలు ఎన్ని నా మోకాళ్లకు రుద్దానో లెక్కలేదు. చివరికి మోకాళ్లు తీసుకుని ఆయన పార్కుకే చేరాను.

మాస్టారు తమిళాయన, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. పొద్దున ఆరుంబావుకి ఒక చెట్టు కింద తొమ్మిది మందిమి. పార్కిన్సన్స్ ఉన్న ఒకాయన, తుంటి మార్పిడి అయిన ఒకావిడ, నేను, మిగతావాళ్లు బాగానే నడిచేవాళ్లు. మా ముగ్గురికీ ముందు తలో ప్లాస్టిక్ కుర్చీ, పట్టుకోవడానికి. మొదటిరోజే ఒక పెద్దాయన "ఇదంతా మన కాంచీపురం నుంచి బోధిధర్ముడనే బౌద్ధ సన్యాసి చైనాకు పట్టుకెళ్లిందే కదా" అన్నాడు. ఈ ఊళ్లో ఆ మాట అనేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు. మాస్టారు నవ్వి, ఆ కథ కుంగ్‌ఫూకి పేరుపడ్డ షావొలిన్ గుడిది, తై చీ మూలాలు చైనాలోని హెనాన్‌లో చెన్ వంశం వాళ్ల ఊరిలో ఉన్నాయని చెప్పాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

మొదటి నెల మాకు చేతులు కదిపే పనే లేదు. నిలబడి బరువు ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకు మార్చడం, అంతే. "వెయిట్ మాత్తుంగమ్మా, మెదువా, మెదువా" అంటూ, బరువు మెల్లగా మార్చమని మాస్టారు చుట్టూ తిరిగేవాడు. దీనికి పొద్దున్నే లేచి రావాలా అని విసుగు పుట్టింది. రెండో వారం ఆయన ఇంట్లో బరువు చూసుకునే మిషన్లు రెండు సంచిలో పెట్టి తెచ్చాడు. ఒక్కో పాదం ఒక్కో మిషన్ మీద పెట్టి, సమానంగా నిలబడమన్నాడు. నిలబడ్డాను. నా మట్టుకు నేను త్రాసులా నిలబడ్డాననుకున్నాను. ఎడమవైపు 41 కిలోలు, కుడివైపు 23.

ఆ అంకెలు చూసి చాలాసేపు మాట్లాడలేదు. కుడిమోకాలు నొప్పి కాబట్టి ఎన్నేళ్లనుంచో దాని మీద బరువు వెయ్యకుండా తప్పించుకుంటున్నానన్నమాట. ఆ సంగతి ఇన్నాళ్లూ నాకే తెలియదు.

తర్వాత ఆయన ఎడమకాలు ఎత్తమన్నాడు. ఎత్తబోయాను, ఊగిపోయి కుర్చీ పట్టుకున్నాను. "దాని మీద 41 కిలోలు పెట్టుకుని ఎలా ఎత్తుతారు? ముందు ఖాళీ చేయండి" అన్నాడు. అంటే బరువంతా మెల్లగా కుడికాలి మీదకు ఒంపాలి, బిందెలోంచి గంగాళంలోకి నీళ్లు ఒంపినట్టు. ఎడమ మిషన్ అంకె 41 నుంచి 30, 20, 10 అని దిగి మూడో నాలుగో కిలోలకు వచ్చాక, ఇక కాలు ఎత్తక్కర్లేదు, దానంతట అదే లేస్తుంది. తై చీలో ఒక కాలు నిండు, ఒక కాలు ఖాళీ అంటారు. ఆయన కొన్నాళ్లు వేరే ఏమీ చెప్పలేదు, ఈ రెండు మాటలే.

నేనెందుకు పడ్డానో నాకు ఆరోజే అర్థమైంది. గేటు దగ్గర తిరిగినప్పుడు బరువున్న కాలినే తిప్పబోయాను. ఇంకోటి కూడా అర్థమైంది. ఇంట్లోవాళ్లు నా భుజం పట్టుకుని పైకి లాగుతుంటే నా బరువులో కొంత వాళ్ల చేతుల్లో ఉండేది. ఇక ఏ కాలు నిండు, ఏ కాలు ఖాళీ అన్నది నా ఒంటికి ఎలా తెలుస్తుంది? ఆ సాయంత్రం కోడలితో ఈ మాట చెబితే కాస్త నొచ్చుకుంది. "పడిపోతారనే కదా అత్తయ్యా పట్టుకునేది" అంది. అదీ నిజమే. ఇద్దరం కాసేపు మౌనంగా చిక్కుడుకాయలు ఒలుచుకున్నాం.

రెండో నెల అడుగు వెయ్యడం. మడమ ముందు ఆనాలి, కానీ బరువు వెంటనే వెయ్యకూడదు. పాదం అంతా ఆని, నేల గట్టిగా ఉందని తెలిశాకే ఒంపాలి. ఇది నాకు తొందరగా పట్టుబడింది. చిన్నప్పుడు పెన్న దాటేటప్పుడు ఇసక దిగబడుతుందేమోనని కాలు ముందుకు పెట్టి చూసుకుని, ఆ తర్వాతే ఒరిగేవాళ్లం. అదే నడక. మాస్టారికి తమిళంలో ఈ సంగతి చెప్పబోతే సగంలో మాటలు దొరకలేదు, నడిచి చూపించాను.

తర్వాత భంగిమలు. 1956లో చైనా క్రీడల శాఖ వాళ్లు పాత పద్ధతిని కుదించి 24 భంగిమల వరుస ఒకటి చేశారట. మాస్టారు నేర్చుకున్నది అది. మాకు నేర్పింది అందులోంచి ఎనిమిదే. ఆరిగన్ వాళ్లు పెట్టుకున్నవీ ఎనిమిదే. పేర్లు భలే ఉంటాయి. అడవిగుర్రం జూలు పాయలు తీయడం, మబ్బుల్లా చేతులు ఆడించడం, నెమలి తోక పట్టుకోవడం. మబ్బుల చేతులంటే పక్కకు అడుగులు వేస్తూ, చేతి వెంటే చూపు, తల, నడుము కలిసి తిరగడం. ఆరు నెలలుగా మెడ బిగబట్టి నేలనే చూస్తున్న నాకు తల తిప్పితే పడిపోతాననే భయం. మొదటిసారి అడుగు వేస్తూ చెట్టుకొమ్మ చూశాను. పడలేదు.

కోతిని తరిమే భంగిమే నన్ను ఏడిపించింది. ఒక్కో చెయ్యి ముందుకు తోస్తూ వెనక్కి అడుగులు వెయ్యాలి. మనం ఇంట్లో ఎన్నిసార్లు వెనక్కి అడుగేస్తామో అది చేసేదాకా గమనించలేదు. బీరువా తలుపు తెరిచేటప్పుడు, ఫ్రిజ్ దగ్గర, స్నానాల గది తలుపు లోపలికి లాగేటప్పుడు. మూడో నెల దాకా కుర్చీ వదలకుండానే చేశాను. మాస్టారు ఎప్పుడూ వదలమనలేదు. ఆయనలో నాకు నచ్చింది అదే.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది, అది నా తప్పే. బాగానే చేస్తున్నాననే హుషారులో మిగతావాళ్లతో సమానంగా మోకాళ్లు వంచి కిందికి దిగాను. పైగా పాదం నేలకు ఆనించి ఉంచి, మోకాలిని మెలితిప్పి తిరిగాను. కుడిమోకాలు వాచింది. పన్నెండు రోజులు ఇంట్లోనే. మానేద్దామనుకున్నాను. తిరిగి వెళ్లినప్పుడు మాస్టారు, "చేయగలిగినదాంట్లో డెబ్బై శాతమే చేయండి, మోకాలు కాలివేళ్లు చూస్తున్నవైపే ఉండాలి, తిరగాలంటే ముందు పాదాన్ని ఖాళీ చేసి మడమ మీద తిప్పండి" అన్నాడు. నిజానికి అవి మొదటివారం చెప్పినవే. అప్పుడు నేను విన్నది చెవులతోనే.

ఇంకోసారి చెమటలు పట్టి చేతులు వణికాయి. షుగరు పడిపోయింది. ఇడ్లీ తినకుండా మాత్ర మాత్రం వేసుకుని వెళ్లిన ఫలం. అప్పటినుంచి పొద్దున ఏది ముందు, ఏది తర్వాత అన్నది డాక్టర్ని అడిగి మార్చుకున్నాను. సంచిలో గ్లూకోజు బిళ్లలు ఉంటాయి.

మూడు నెలలకు ఆ టేపు పరీక్షలో 14 సెకన్లు. ఏడో నెలలో 11.5. మడమ, వేళ్లు ఆనించి నిలబడడం పది సెకన్లూ పూర్తయింది. కాకపోతే గోడకు దగ్గరగా నిలబడ్డాను, అది లెక్కలోకి రాదని ఆ పిల్ల అంది. ఇదంతా తై చీ ఒక్కదాని పుణ్యమేనని నేననను. కుర్చీ వ్యాయామాలు మానలేదు, బీపీ మాత్ర మారింది, చెప్పులు పోయి వెనక పట్టీ ఉన్న మెత్తని బూట్లు వచ్చాయి, స్నానాల గదిలో కమ్మీ బిగించారు. పాదాలకు స్పర్శ ఇప్పటికీ అంతే. రాత్రిపూట అద్దంలో అరికాళ్లు చూసుకోవాల్సిందే. మోకాళ్లు చలిగాలికి నొప్పి పుడుతూనే ఉన్నాయి, ఈ ఊళ్లో చలి ఎంత అని అడక్కండి. రోడ్డు మీద చేతికర్ర వదలలేదు. వాన పడి నేల తడిస్తే ఆ రోజు క్లాసు లేదు.

కానీ ఒకటి జరిగింది. లజ్ చర్చ్ రోడ్డు పేవ్‌మెంటు మీద ఒక రాయి పలక లేచి ఉంది. ఆకుకూర కొనడానికి పోతూ చూసుకోలేదు. కాలి ముందుభాగం తగిలి ముందుకు తూలాను. అంతకు ముందైతే చేతులే ముందు పోయేవి. ఈసారి వెనక ఉన్న కాలు దానంతట అదే ముందుకొచ్చి ఆనింది. చేతికర్ర ఒకవైపు ఎగిరిపోయింది, నేను నిలబడే ఉన్నాను. గుండె దడదడలాడింది. ఒక స్కూటరు కుర్రాడు కర్ర తీసిచ్చి, "పాత్తు పోంగ పాట్టి" అన్నాడు, చూసుకుని వెళ్లండి బామ్మా అని. సరే అని అరకీరై రెండు కట్టలు కొనుక్కుని వచ్చాను. ఇంట్లో ఆ రాత్రిదాకా చెప్పలేదు.

పోయిన నెల నెల్లూరులో మా అక్క మనవరాలి పెళ్లి. కల్యాణ మండపానికి పద్నాలుగు మెట్లు, పట్టుకోవడానికి ఒకవైపే కమ్మీ, అక్కడ పూలదండలు చుట్టేశారు. నేను కింద నిలబడి చూసుకుంటుండగానే మా అక్క కొడుకు పరుగున దిగివచ్చి, "జాగ్రత్త పిన్నీ" అంటూ భుజం కింద పట్టుకుని పైకి లాగాడు. వాడు మంచివాడు, బలమైనవాడు. నా కాళ్లు రెండూ మళ్లీ అరువు కాళ్లయిపోయాయి.

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి మా కోడలి గొంతు. "బావగారూ, మీరు పట్టుకోకండి. చెయ్యి ఊరికే చాపండి చాలు, కావాలంటే ఆవిడే పట్టుకుంటారు."

వాడు బిక్కమొహం వేసి చెయ్యి చాపాడు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, కింది కాలు ఖాళీ చేసుకుంటూ ఎక్కాను. తొమ్మిదో మెట్టు దగ్గర పట్టుకున్నాను, మోకాలు కలుక్కుమంది. మళ్లీ వదిలేశాను. వెనక నాలుగైదు కుటుంబాలు ఆగి ఉన్నాయి, పైన సన్నాయి వాళ్లు అందుకున్నారు. ముహూర్తానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.